సరిచేశానని రాసిచ్చిన మెట్లు

ఇప్పుడు మేముంటున్నది ఘాజియాబాద్‌లో. ఈ ఇల్లు చూపించిన బ్రోకరు హాలు చూడమన్నాడు, ముందు బాల్కనీ చూడమన్నాడు. నేను అవేమీ పట్టించుకోకుండా, వెనక మెట్లు ఎక్కడున్నాయని అడిగాను. "పీఛే క్యా హై మేడమ్, వ్యూ తో ఆగే హై" అని, వెనకేముంది చూడటానికన్నట్టు నవ్వాడు. నేనడిగేది వ్యూ కోసం కాదని అతనికి చెప్పలేదు. చెబితే నన్ను పిచ్చిదానికింద జమకట్టి, ఇంకో పార్టీని తెచ్చుకునేవాడు. అద్దె ఇల్లు చూసేవాళ్ళు నీళ్ళు ఎప్పుడొస్తాయి, మెట్రో ఎంత దూరం అని అడుగుతారుగాని, ప్రాణం మీదకొస్తే ఎటు పారిపోవాలని ఎవరడుగుతారు?

అంతకుముందు మేం ఢిల్లీలో, ద్వారక పక్కన, సెక్టర్లు అయిపోయి గల్లీలు మొదలయ్యే చోట ఉండేవాళ్ళం. మా ఆయన ఎయిర్‌ఫోర్స్‌లో రిటైరై క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు, మన ఊరికి పోదామని నేను గొడవపెట్టాను. మా అత్తయ్యకి ఊపిరితిత్తుల జబ్బు. ఆవిడకి మిలిటరీ ఆసుపత్రి దగ్గర్లో ఉండాలి. అమ్మాయి చదువు ఇక్కడే. ఆయనకి ఒక కంపెనీలో సెక్యూరిటీ సూపర్‌వైజరు ఉద్యోగం దొరికింది. ఇవన్నీ కలిసి మమ్మల్ని ఢిల్లీలోనే కట్టేశాయి.

ఇళ్ళ వేట మొదలుపెడితే, ఎక్కడికి వెళ్ళినా మొదటి ప్రశ్న ఒకటే: "మచ్చీ ఖాతే హో?" గోదావరి జిల్లావాళ్ళం. చేపలు తినం అని ఒక చిన్న అబద్ధం ఆడేస్తే పోయేదానికి, అత్తయ్య ఒప్పుకోలేదు. "మనం తింటే ఆళ్ళకేంటంట? ఆళ్ళ పొయ్యి మీదేమన్నా వండుతున్నామా?" అని గుమ్మంలోనే తెలుగులో దులిపేసేది. అర్థం కాకపోయినా గొంతు విని ఓనర్లు తలుపులు వేసుకునేవారు. చివరికి ఒక్కడు మాత్రం, "ఖావో జీ, హమే క్యా. కిరాయా టైమ్ పే దేనా" అన్నాడు, తింటే తినండి, అద్దె వేళకిస్తే చాలని. ఆ ఒక్క మాటకే అతణ్ణి దేవుడనుకున్నాం. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అప్పటికింకా అత్తయ్య మెల్లగా ఎక్కగలిగేది.

ఆ బిల్డింగుకి ముందొక మెట్ల దారి, వెనకొకటి. ముందు మెట్లు సన్నగా మెలికలు తిరిగి ఉండేవి. వాటి కిందే అందరి కరెంటు మీటర్లూ ఒకే చెక్కకి బిగించి ఉండేవి. వెనకవి ఇనప మెట్లు. ప్రతి అంతస్తులోనూ వంటింటి బాల్కనీలోంచి తిన్నగా వెనక గల్లీలోకి దిగేవి. ప్లానులో అవి ప్రమాదమొస్తే దిగడానికి గీసినవి. ఓనరు కంటికి మాత్రం ఉత్తినే పడున్న జాగా. ఈ ఊళ్ళో ఖాళీ జాగా కనబడితే ఓనర్లకి అన్నం సయించదు. కింద గ్రిల్లు గేటు పెట్టించి, తాళం వేయించి, ఆ చోటు ఒక టెంట్ హౌస్ వాడికి అద్దెకిచ్చాడు. పెళ్ళిళ్ళకి వేసే పరుపులు, రజాయీలనే దూది బొంతలు, ప్లాస్టిక్ కుర్చీలు మొదటి అంతస్తు దాకా పేర్చి ఉండేవి. "ఇంకా నయం, మెట్టుకొకణ్ణి కాపరం పెట్టలేదు" అనేది అత్తయ్య.

రెండు చలికాలాలు గడిచేసరికి ఆవిడ నడక పడకగదికీ వంటింటికీ మధ్యకి కుదించుకుపోయింది. ఢిల్లీ చలికాలపు పొగమంచు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళనే దగ్గించి చంపుతుంది. ఆవిడ సగం ఊపిరితో ఎలా నెట్టుకొచ్చిందో ఆవిడకే తెలియాలి. ఇంట్లో ఆక్సిజన్ మిషను వచ్చింది. ముక్కుకి గొట్టంతో కూర్చునే చిక్కుడుకాయలు ఈనెలు తీసేది, నా వంటకి వంకలు పెట్టేది. ఆసుపత్రికి తీసుకెళ్ళాలంటే మా ఆయన వీపు మీద ఎక్కించుకుని ముందు మెట్లు దిగేవాడు. ప్రతి మలుపులోనూ ఆవిడ మోకాలు గోడకి కొట్టుకునేది. ఇల్లు మారదామంటే మళ్ళీ ఆ చేపల ప్రశ్న, దానికి తోడిప్పుడు జబ్బు మనిషి. జబ్బు మనిషి ఉందని వింటే ఓనర్లు చేపలవాళ్ళని చూసినదానికంటే ఎక్కువ భయపడతారు.

ఆ మధ్య పక్క గల్లీలో ఒక బిల్డింగులో మీటర్లు అంటుకుని కొందరికి ఒళ్ళు కాలింది. అప్పుడు కార్పొరేషన్ ఆఫీసువాళ్ళకి మా గల్లీ గుర్తొచ్చింది. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు, వరసలో ప్రతి గేటుకీ నోటీసు అంటించి పోయారు. వెనక మెట్లు ఖాళీ చేయాలి, తాళం తీసేయాలి, నిప్పునార్పే సిలిండర్లు పెట్టాలి, సరిచేసినట్టు ఓనరు రాసివ్వాలి. చదివి నేను నిజంగానే సంతోషించాను. హమ్మయ్య, ప్రభుత్వమంటూ ఒకటి ఉంది అనుకున్నాను.

ఆ తర్వాత పద్ధతి అర్థమైంది. తప్పు చేసినవాడే తప్పు సరిదిద్దానని స్టాంపు కాగితం మీద రాసి, నోటరీ ముద్ర వేయించి, ఫోటోలు అంటించి ఇవ్వాలి. అద్దెకున్నవాళ్ళలో ఒకరు అవునని సాక్షి సంతకం చేయాలి. అంతటితో నోటీసు మూసేస్తారు. ఆఫీసువాళ్ళు వచ్చి చూడాలనిపిస్తే చూడొచ్చు, అనిపించకపోతే వాళ్ళనడిగేవాళ్ళు లేరు. పాలు తాగిన పిల్లి తానే గిన్నె కడిగి పెట్టానని రాసిస్తే చాలన్నమాట.

మా వరస ఓనర్లు కారు పెట్టుకునే చోటు కోసం తిట్టుకోని పొద్దు లేదు. ఆ నోటీసు పుణ్యమా అని అన్నదమ్ములైపోయారు. ఒక్కో బిల్డింగుకి ఒక్కో రోజు అనుకున్నారు. ఆ రోజు ఆ బిల్డింగు వెనక సామానంతా పక్క బిల్డింగు వెనక్కి పోతుంది, ఎర్ర సిలిండర్లు ఇక్కడికొస్తాయి. ఫోటోలైపోగానే సామాను ఇంటికొస్తుంది, సిలిండర్లు పక్కింటికి పోతాయి. వాటిలో ఒకదానికి పొట్ట దగ్గర సొట్ట ఉండేది. కూరలకి వెళ్ళినప్పుడల్లా అది ఒక్కో గేటు ముందు నిలబడి కనిపించేది. చివరికి దాన్ని చూస్తే పలకరించాలనిపించేంత ముఖపరిచయం అయింది. వాళ్ళ ఐకమత్యం చూసి మొదట్లో నవ్వాను కూడా. మంచి పనికి కలవమంటే ఒక్కడూ కలవడు, దొంగపనికి మాత్రం కబురంపకుండానే కలుస్తారు.

మా వంతు వచ్చినప్పుడు ఓనరు సాక్షి సంతకం కోసం తిన్నగా మా ఆయన దగ్గరకే వచ్చాడు. "ఫౌజీ సాబ్, ఆప్ కా సైన్ తో సోనే కా సైన్ హై" అన్నాడు, మీ సంతకమంటే బంగారమన్నట్టు.

మా ఆయన సంగతి ఇక్కడ చెప్పాలి. సర్వీసంతా విమానాల కింద దూరి పనిచేసిన మనిషి. బోల్టు బిగించానని సంతకం పెడితే, ఆ సంతకాన్ని నమ్మి ఒకడు ఆకాశంలోకి లేస్తాడు. అందుకని కళ్ళతో చూడనిదే దేని మీదా సంతకం పెట్టడు. అమ్మాయి మార్కుల కాగితం మీద సంతకం పెట్టడానిక్కూడా జవాబు పేపర్లు తెమ్మనేవాడు. "సైన్ చేస్తానండి. కానీ ముందు ఇన్‌స్పెక్షన్ చేస్తాను" అన్నాడు ఓనరుతో హిందీలో.

"జరూర్ కీజియే" అన్నాడు ఓనరు ఏమాత్రం తడబడకుండా.

ఆ ఆదివారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, పై నుంచి కింద దాకా మెట్టు మెట్టూ తట్టి చూశాడు. ఎక్కడా ఒక్క కుర్చీ లేదు. గ్రిల్లు గేటు బార్లా తెరిచి ఉంది. గొళ్ళెం కూడా పీకేశారు. ఆయనకి అదీ చాలలేదు. "మనిషిని దింపి చూస్తేగాని మెట్లు పనిచేస్తాయని ఎలా అంటాం?" అని మొదటి అంతస్తు కుర్రాడి సాయంతో అత్తయ్యని కుర్చీలో కూర్చోబెట్టి కిందకి దింపాడు. నేను చిన్న ఆక్సిజన్ సిలిండరు పట్టుకుని వెనకాల నడిచాను. "నానమ్మా, డర్ లగ్ రహా హై క్యా?" అని అమ్మాయి పైనుంచి అరిచింది. "నాకెందుకే భయం, నా కొడుకు మోత్తుంటే" అంది అత్తయ్య.

ఆవిడ ఆసుపత్రికి కాకుండా నేల మీదకి దిగి చాలా నెలలైంది. గల్లీలో కూరల బండి వాడు నిలబడి ఉన్నాడు. కుర్చీలోంచే తోటకూర కట్ట తీసి వాసన చూసి, "ఇది మొన్నటిది. నన్నే మోసం చేత్తావా?" అని తెలుగులో బేరమాడింది. వాడు హిందీలో ఒట్టేశాడు. ఇద్దరూ గెలిచినట్టే అనుకున్నారు. కాసేపు ఎండలో కూర్చుని, "ఏరా, రేపటినుంచి రోజూ ఇలాగే దింపరా" అంది కొడుకుతో. ఓనరు "మాతాజీ, ఇధర్ దేఖియే" అంటూ ఫోటోలు తీశాడు. ఆవిడ బోసినోటితో నవ్వింది.

ఆయన సంతకం పెట్టాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఆ పూట అంతా నిజమే. ఎంత కాలం నిజంగా ఉండాలో ఆ కాగితంలో ఎక్కడా రాయలేదు, అంతే.

వారం తిరక్కుండా రజాయీలు వచ్చేశాయి. కొత్త గొళ్ళెం, పాతదానికంటే పెద్ద తాళం. మా ఆయన వెళ్ళి అడిగితే, "దొంగల భయం ఫౌజీ సాబ్. ఎలాగూ కాగితం ఇచ్చేశాం కదా" అన్నాడు ఓనరు హిందీలో, పూజ అయిపోయింది కాబట్టి పందిరి విప్పేశామన్నంత మామూలుగా. పోనీ తాళంచెవి ఒకటి మాకివ్వమంటే, అది టెంట్ హౌస్ వాడి దగ్గరుందన్నాడు. టెంట్ హౌస్ వాణ్ణి అడిగితే ఓనరు దగ్గరుందన్నాడు.

మా ఆయన ఫోన్లో ఆఫీసుకి ఫిర్యాదు పంపాడు. కొన్నాళ్ళకి జవాబొచ్చింది. వెనక మెట్లు వాడుకలో ఉన్నాయి, ఫిర్యాదుదారు స్వయంగా ధ్రువీకరించారు, ఫిర్యాదు మూసివేయడమైనది. కింద సాక్ష్యంగా ఫోటో. అందులో మా అత్తయ్య కుర్చీలో కూర్చుని, చేతిలో తోటకూర కట్టతో నవ్వుతోంది. అది చూశాక నాకు ఒళ్ళు మండిపోయింది. నా నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. ఆయన మాత్రం కళ్ళజోడు తుడుచుకుని, "సరిగ్గా రాయలేదు నేను. కారణం చూపించలేదు" అన్నాడు.

ఈసారి కారణం చూపించి రాశాడు. సర్వీసులో నేర్చుకున్న ఇంగ్లీషు, ఒక్క మాట ఎక్కువ లేదు. మూడో అంతస్తులో మా అమ్మ ఉంది, నడవలేదు, ఆక్సిజన్ మీద బతుకుతోంది, ప్రమాదమొస్తే ముందు మెట్ల మీద దించడం కుదరదు, కాబట్టి వెనక మెట్లు తెరిపించండి. రాసి నాకు వినిపించాడు. నేనూ బాగుందన్నాను. కన్నతల్లి మాట చెబితే ఎంత రాతిగుండె ఆఫీసరైనా కరుగుతాడనుకునే మనుషులం మేం. నాలుగు అంతస్తుల వాళ్ళకీ హక్కయిన మెట్లని ఒక్క ముసలమ్మ కోసం బతిమాలుకునే మెట్లుగా ఆయన తన చేత్తోనే మార్చేశాడని అప్పుడు మా ఇద్దరికీ తట్టలేదు.

నిజంగానే ఆఫీసు కరిగింది. జూనియర్ ఇంజనీరు ఒకడు గుమ్మం దాకా వచ్చి, అత్తయ్యని చూసి, "నమస్తే అమ్మాజీ" అని వెళ్ళి, ఓనరుకి కొత్త నోటీసు పంపాడు. మూడో అంతస్తులో నడవలేని వృద్ధురాలు నివసిస్తున్నందున, ఆమె కొరకు వెనక మెట్లు తెరిచి ఉంచవలెను. సరిచేసి, సరిచేసినట్టు రాసివ్వవలెను. ఓనరుకి గడువిచ్చారు. ఆ గడువు నడుస్తుండగానే మే నెల వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఆయన డ్యూటీలో ఉన్నాడు, అమ్మాయి కాలేజీలో ఉంది. నేను పెరుగు తోడు పెడుతుంటే ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. వెంటనే ఫ్యాను ఆగింది, అత్తయ్య గదిలో మిషను ఆగిపోయి కీచుమని మోత పెట్టింది. ముందు తలుపు తీస్తే నల్లటి పొగ మొహాన కొట్టింది. కింద మీటర్లు అంటుకున్నాయి. తలుపు మూసేసి, కింద సందులో తడి తువ్వాలు కుక్కాను. చిన్న సిలిండరు భుజాన వేసుకుని, అత్తయ్య రెండు చంకల కిందా చేతులు పెట్టి, వంటింటి బాల్కనీలోకి ఈడ్చుకెళ్ళాను.

వెనక మెట్ల మీద ఆవిణ్ణి ఎత్తడం నావల్ల కాలేదు. ఆవిడే ఒక్కో మెట్టూ కూర్చుని కూర్చుని జారుతూ దిగింది, నేను ముందు నిలబడి ఆసరా పట్టాను. మొదటి అంతస్తు దాకా బాగానే వచ్చాం. అక్కడ నుంచి రజాయీలు. వాటిని రెండు చేతులా పీకి పక్కకి తోసి, కుర్చీల మీదుగా పాకి, గేటు దాకా దారి చేసి, అత్తయ్యని అక్కడిదాకా లాక్కొచ్చాను. గేటుకి తాళం. పొగ ఇప్పుడు ముందు వైపు నుంచి కిందుగా మా మీదకి వస్తోంది. గ్రిల్లు పట్టుకుని ఊపుతూ, "ఖోలో, కోయీ ఖోలో" అని గొంతు పగిలేలా అరిచాను.

అత్తయ్య నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని, "అమ్మాయ్, ఆ రోజు ఇటే గదే దిగాం?" అంది. నేను గేటు ఊపుతూనే ఉన్నాను. "మరి తెరిచే ఉందిగా" అంది మళ్ళీ. 

గల్లీలో జనం పోగయ్యారు. ఎవరో ఇనపరాడ్డు తెచ్చారు. ఓనరు మంచి కంపెనీ తాళం కొన్నాడు, అంత తేలిగ్గా విరగలేదు. విరిగేసరికి అత్తయ్య తల నా ఒళ్ళోకి వాలిపోయింది. నాకు పొగ తగిలి నాలుగు రోజులు దగ్గాను, అంతే. ముందు వైపు నిప్పుని గల్లీవాళ్ళే ఇసక పోసి ఆర్పేశారు. మీటర్లు, ఒక స్కూటరు కాలాయి. పేపర్లో రాయదగ్గ ప్రమాదం కూడా కాదన్నారు. మామూలు ఊపిరితిత్తులకైతే కాదేమో.

అత్తయ్య ఆసుపత్రిలో ఉండగా జూనియర్ ఇంజనీరు మళ్ళీ వచ్చాడు. కరెంటు ఆఫీసువాళ్ళు బిల్డింగుకి సరఫరా ఆపేశారు. అతను మా ఆయనకి పాత కాగితం చూపించి, "గేటు తెరిచి ఉందని మీరే సంతకం చేశారు కదా?" అన్నాడు.

"ఆ రోజు తెరిచే ఉంది సార్."

"మరి తాళం ఎవరు వేశారు?"

పక్కనే ఉన్న ఓనరు, దొంగల భయంతో కిరాయాదార్లే వేసుకుని ఉంటారని చాలా బాధగా చెప్పాడు.  నిజం చెప్పడం తప్ప ఇంకేమీ రాని మా ఆయన, నిజం తన మీదకే తిరగబడితే ఏం చేయాలో తెలియక నిలబడిపోయాడు. నేను మాత్రం ఊరుకోలేదు. టెంట్ హౌస్ సామానూ మేమే పెట్టుకున్నామా అని అరిచాను. "భాభీజీ దుఃఖంలో ఉన్నారు" అన్నాడు ఓనరు ఇంజనీరుతో. ఇంజనీరు తలాడించి, అదే రాసుకున్నట్టున్నాడు.

అత్తయ్య ఇంటికి రాలేదు. ఆసుపత్రిలోనే, ఒక ఉదయం, నేను తల దువ్వుతుండగా పోయింది.

ఇక్కడ ఓనరు మంచితనం గురించి చెప్పకపోతే అన్యాయమవుతుంది. కబురు తెలిసిన గంటలో వచ్చాడు. పాడె సామాను అతనే తెప్పించాడు. శ్మశానంలో మా ఆయన చితి దగ్గర ఉంటే, అత్తయ్య ఆధార్ కార్డు తీసుకుని కౌంటరు దగ్గర వరసలో నిలబడి, రసీదు రాయించుకుని తెచ్చిచ్చాడు. "బేటా సమఝో ముఝే" అని, కొడుకుననుకోమన్నాడు. ఊళ్ళో బంధువులకి ఫోన్లో మా ఆయన, "ఓనరు చాలా సాయం చేశాడు" అని చెప్పాడు కూడా. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట వెనకటికొకడు. వాడు నయం, అక్కడికక్కడే అడిగాడు. మావాడు పెద్దకర్మ అయ్యేదాకా ఓపిక పట్టాడు.

పెద్దకర్మ మర్నాడు వచ్చి చేతులు జోడించి కూర్చున్నాడు. పక్క బిల్డింగు నుంచి లాక్కున్న వైరుతో ఒక్క ఫ్యాను తిరుగుతోంది. కరెంటు తిరిగి రావాలంటే నోటీసులో తప్పులన్నీ సరిచేశానని రాసివ్వాలట, అందులో మా ఆయన సాక్షి సంతకం ఉంటే పని తొందరగా అవుతుందట. కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచీ చదివాడు. కాలిన మీటర్ల చోట కొత్తవి బిగించబడినవి. నిజమే, మేస్త్రీలు బిగించడం ఆయన చూశాడు. వెనక గేటు తాళం తొలగించబడినది. అదీ నిజమే, రాడ్డుతో విరగ్గొట్టారు. మూడో అంశం దగ్గర ఆయన వేలు ఆగింది. మూడో అంతస్తులో నివసిస్తున్నట్టు నోటీసులో పేర్కొన్న వృద్ధురాలు ప్రస్తుతం ఈ భవనంలో నివసించడం లేదు. కావున ఆమె కొరకు వెనక మెట్లు తెరిచి ఉంచవలసిన అవసరం లేదు. ఉల్లంఘన సరిచేయబడినది.

ఆయన దాన్ని రెండోసారి చదివాడు. అలవాటు కొద్దీ చెయ్యి జేబులో కలం దగ్గరకి పోయింది.

"పెట్టకండి" అన్నాను.

"రాసిందంతా నిజమేనోయ్" అన్నాడాయన. 

"నిజమే కాబట్టే పెట్టొద్దంటున్నాను."

ఆయన కలం వదిలేసి, కాగితం మడతల మీదే మడిచి, ఓనరు వైపు జరిపాడు. అతనేమీ నొచ్చుకోలేదు. "కోయీ బాత్ నహీ" అని, ఫోన్ తీసి చూపించాడు. శ్మశానం రసీదు ఫోటో. ఆ రోజు వరసలో నిలబడి రాయించాడే, అదే. సంతకం లేకపోయినా ఇది జతచేస్తే సరిపోతుందని ఆఫీసులో చెప్పారట. మమ్మల్ని అడగకుండా చేయడం మర్యాద కాదని వచ్చాడట. చెప్పులు వేసుకుంటూ, ఇంకేదైనా సాయం కావాలంటే మొహమాటపడొద్దన్నాడు.

ఆ వారంలోనే కరెంటు వచ్చింది. నోటీసు మూసేశారని మా ఆయన ఫోన్‌కి కబురొచ్చింది. ఆ తర్వాత ఇద్దరు తాపీపనివాళ్ళు ఇటుకలు, సిమెంటుతో మా వంటింట్లోకి వచ్చి, బాల్కనీలోంచి మెట్ల మీదకి దిగే దారికి గోడ కట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడింక దొంగచాటు పనేమీ కాదు, పొద్దున్నే వచ్చి అందరూ చూస్తుండగా కట్టారు. మంచినీళ్ళడిగితే ఇచ్చాను. మా వంటింటికి వెలుతురంతా అటువైపు నుంచే వచ్చేది. ఒక్కో వరసా లేస్తుంటే గల్లీ కనబడటం మానేసింది, తర్వాత ఎదుటి డాబాలు, తర్వాత ఆకాశం. వాళ్ళు వెళ్ళిపోయాక పట్టపగలు లైటు వేసుకుని, ఆయనకి అన్నం వడ్డించాను.